ఆటిజం, ఆట, ఊరి బడి

ఆటిజం మెదడు ఎదుగుదలలో పుట్టుకతోనే ఉండే తేడా. ఎదుటివారితో మాట కలపడం, చూపు కలపడం, సైగలు అందుకోవడం ఇది ఉన్న పిల్లల్లో మిగతావారి తీరున సాగవు. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేస్తారు, ఒక్క విషయం మీదే గాఢమైన ఇష్టం పెంచుకుంటారు. శబ్దం, వెలుగు, స్పర్శ, రుచి వారిని మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో తాకుతాయి. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 వీటినే నిర్ధారణకు ఆధారంగా తీసుకుంది. ఇంద్రియాల సంగతి ఆ లక్షణాల పట్టికలో చేరింది అప్పుడే. మాట అసలే రాని పిల్లవాడూ, బస్సుల వేళలన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పే పిల్లవాడూ ఈ పేరు కిందికే వస్తారు. కారణాల్లో పెద్ద పాలు వంశపారంపర్యానిది. తల్లి పెంపకానికి ఇందులో పాత్ర లేదు. టీకాలతో ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది. ఫోన్ చేతికివ్వడం వల్లే ఇట్లయిందని ఊళ్లలో వినిపించే మాటకూ తగిన రుజువు లేదు.

వైద్యలోకంలో ఆటిజం స్థిరపడింది 1943లో, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో. అంతకు దాదాపు రెండు దశాబ్దాల కిందటే సోవియట్ వైద్యురాలు గ్రున్యా సుఖరేవా ఇలాంటి పిల్లల్ని వర్ణించినా చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. తర్వాతి ఏళ్లలో నింద తల్లుల మీద పడింది. బిడ్డను దగ్గరికి తీయని తల్లి వల్లే పిల్లవాడు తనలోకి ముడుచుకుపోతాడని బ్రూనో బెటల్‌హైమ్ వంటివారు ప్రచారం చేశారు. ఆటిజం ఉన్న కొడుక్కి తండ్రి, మనస్తత్వ శాస్త్రజ్ఞుడు బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో తన పుస్తకంతో ఈ వాదాన్ని తిప్పికొట్టాడు. శాస్త్రం వదిలేసినా ఆ నింద మన ఇళ్లలో ఇంకా బతికే ఉంది. అత్తగారి నోటి నుంచో ఇరుగుపొరుగు నుంచో ఏదో ఒక రూపంలో తల్లిని తాకుతూనే ఉంటుంది.

కానర్ చూసిన మొదటి పిల్లవాడు డొనాల్డ్ ట్రిప్లెట్. మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న పట్నం అతనిది. తిరిగే వస్తువేది దొరికినా నేలమీద గిరగిరా తిప్పేవాడు, అంకెల్లో మునిగిపోయేవాడు. మూడేళ్ల వయసులో అతన్ని ఊరికి దూరంగా ఒక సంస్థలో ఉంచారు. ఏడాది తర్వాత తల్లిదండ్రులు ఇంటికి తెచ్చుకున్నారు. ఆ తర్వాత అతను ఊరి హైస్కూల్లో చదివాడు, కాలేజీ పూర్తి చేశాడు, బ్యాంకులో దశాబ్దాలపాటు పనిచేశాడు, గోల్ఫ్ ఆడాడు, ఒంటరిగా దేశదేశాలు తిరిగాడు, 89 ఏళ్లు బతికి 2023లో చనిపోయాడు. అతని ఆటిజం చివరిదాకా అట్లాగే ఉంది. ఊరు మాత్రం అతని తీరుకు అలవాటు పడింది. ఆ బ్యాంకు వాళ్ల కుటుంబం స్థాపించినదేనన్న సంగతి మరవకూడదు. ఆస్తి, పరపతి లేని ఇంట్లో పుట్టిన బిడ్డకు అదే ఆదరణ దక్కాలంటే బడి, ప్రభుత్వం ముందుకు రావాలి.

నాడీ వైవిధ్యం అన్న ఆలోచన 1990ల్లో ఆటిజం ఉన్న పెద్దల నుంచే మొదలైంది. మా కోసం ఏడవకండని తల్లిదండ్రులను ఉద్దేశించి జిమ్ సింక్లెయిర్ 1993లో రాశారు. 1998లో ఆస్ట్రేలియా సమాజ శాస్త్రవేత్త జూడీ సింగర్ తన పరిశోధనలోనూ, అమెరికా పాత్రికేయుడు హార్వీ బ్లూమ్ ఒక పత్రికలోనూ ఈ మాటను వాడారు. మనుషుల మెదళ్లన్నీ ఒకే అచ్చున ఉండవు, ఆ తేడా మనిషి జాతిలో సహజం అన్నది దీని సారం. ఇది వైకల్యాన్ని కాదనే వాదం కాదు. ఇబ్బందిలో కొంత బిడ్డ ఒంట్లో ఉంటే, కొంత చుట్టూ ఉన్న ఏర్పాట్లలో ఉందని, రెండో భాగాన్ని మార్చడం పెద్దల చేతిలో పని అని ఇది చెబుతుంది.

ఆటిజం ఉన్నవారికి ఎదుటివారి మనసు తెలియదన్న పాత సూత్రాన్ని బ్రిటన్ పరిశోధకుడు డామియన్ మిల్టన్ 2012లో ప్రశ్నించాడు. అతనికీ ఆటిజం ఉంది. అర్థం చేసుకోలేకపోవడం ఒకవైపు నుంచే లేదని, వీరి మనసు మిగతావారికీ అంతే తెలియదని అతని వాదన. 2020లో కేథరిన్ క్రాంప్టన్ బృందం దీన్ని పరీక్షకు పెట్టింది. ఒక కథను మొదటి మనిషికి చెప్పి, ఆ మనిషి రెండో మనిషికి, రెండో మనిషి మూడో మనిషికి, ఇలా ఎనిమిది మందిదాకా చెప్పించారు. అందరూ ఆటిజం ఉన్నవారే అయిన వరుసలో కథ, అందరూ లేనివారే అయిన వరుసలో ఎంత నిలిచిందో అంతే నిలిచింది. రెండు రకాలవారినీ కలిపిన వరుసలో ఎక్కువగా జారిపోయింది. లోటు మనిషిలో కన్నా మనుషుల మధ్య ఉండవచ్చని ఆ ఫలితం సూచించింది.

ఈ చూపుకు ఎదురుగా నిలిచేది ప్రవర్తనను సరిదిద్దే శిక్షణ. లాస్ ఏంజెలిస్‌లో ఇవార్ లోవాస్ 1987లో వెలువరించిన ఫలితాలు దానికి పునాది. వారానికి 40 గంటల శిక్షణ పొందిన 19 మంది పిల్లల్లో 9 మంది మామూలు పిల్లల్లా అయ్యారని అతను ప్రకటించాడు. ఆ శిక్షణలో చెప్పినట్టు చేస్తే బహుమతి ఉండేది, చేయకపోతే గద్దింపు, తొడమీద దెబ్బ కూడా ఉండేవి. నేటి శిక్షకులు చాలామంది దెబ్బలు మానేశారు, పద్ధతీ చాలా మెత్తబడింది. అయినా చేతులు ఊపొద్దు, నా కళ్లలోకి చూడు, కదలకుండా కూర్చో అన్న ధోరణి చాలాచోట్ల మిగిలింది. ఒంటిని ఊపడం, చేతులు ఆడించడం తమను నెమ్మదింపజేస్తాయని ఆటిజం ఉన్న పెద్దలు చెబుతున్నారు. తమ తీరును రోజంతా దాచిపెట్టి మామూలుగా కనిపించే ప్రయత్నం కుంగుబాటుకు, ఆత్మహత్య ఆలోచనలకు ముడిపడి ఉందని గత పదేళ్ల అధ్యయనాలు చూపాయి. బడిలో బుద్ధిగా ఉండి ఇంటికి రాగానే గొడవ చేసే పిల్లవాడి విషయంలో ఇది గుర్తుంచుకోదగ్గది.

ఆటిజాన్ని ఇలా అంగీకరించడం అంటే ఏమీ చేయకుండా వదిలేయడం అనుకుంటే పొరపాటు. మూర్ఛలు వచ్చే బిడ్డకు మందు కావాలి, తల గోడకేసి కొట్టుకునే బిడ్డకు కాపలా కావాలి, నిద్రపట్టని బిడ్డకు వైద్యం కావాలి. జీవితాంతం తోడు అవసరమయ్యేవారిని విడిగా గుర్తించాలని లాన్సెట్ నియమించిన నిపుణుల కమిషన్ 2021లో తీవ్ర ఆటిజం అన్న వర్గాన్ని ప్రతిపాదించింది. నాడీ వైవిధ్య వాదులు కొందరు దీన్ని వ్యతిరేకించారు. తల్లిదండ్రులు చాలామంది సమర్థించారు. ఆ తల్లిదండ్రుల గోడును కొట్టిపారేయడం న్యాయం కాదు. ఇక నయం చేస్తామంటూ లక్షలు గుంజే మూలకణ చికిత్సకు శాస్త్రీయ ఆధారం లేదు.

ఆటిజం పిల్లలకు ఆడటం రాదని పాఠ్యపుస్తకాలు చాలాకాలం రాశాయి. మిల్డ్రెడ్ పార్టెన్ 1932లో పిల్లల ఆటను ఒంటరి ఆట, పక్కపక్కన ఆట, కలిసి ఆట అంటూ మెట్లుగా విడదీసింది. ఆ మెట్ల మీద ఒంటరి ఆట అట్టడుగున పడింది. బొమ్మకు అన్నం పెట్టినట్టు నటిస్తే ఆట, సీసా మూతలు వరుసగా పేరిస్తే లక్షణం అనే లెక్క స్థిరపడింది. ఈ లెక్కలో ఎంత అన్యాయం ఉందో ఊరి వీధిలో తేలిపోతుంది. సైకిల్ చక్రాన్ని గంటసేపు తిప్పుతూ చూసే పిల్లవాణ్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. బొంగరాన్ని గంటసేపు తిప్పే పిల్లవాణ్ని ఆటగాడంటారు.

దృష్టి ఒకే కాలువలో బలంగా పారే మెదడు ఆటిజానిదని డైనా మరే, మైక్ లెసర్, వెన్ లాసన్ 2005లో ప్రతిపాదించారు. ఈ చూపుతో చూస్తే మూతల వరుస అర్థంలేని పని కాదు. పిల్లవాడి మనసంతా ఆ రంగు, అంచు, క్రమం మీదే ఉంది. అతన్ని కలవాలంటే పెద్దలే అక్కడికి వెళ్లాలి. పద్ధతి వినడానికి తేలిక, చేయడానికి ఓపిక కావాలి. పిల్లవాడి ఎత్తుకు సమంగా నేలమీద కూర్చోవాలి, ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు. అతను పేర్చినట్టే తామూ కొన్ని మూతలు పేర్చాలి. ఒక మూత చేతిలో పట్టుకుని ఆగాలి. అతను చెయ్యి చాపితే ఇచ్చేయాలి. అదే మొదటి వంతు. ఎర్రది, ఇంకో ఎర్రది అని చిన్న మాట కలపవచ్చు. ఇదేం రంగు, ఎన్ని ఉన్నాయి, చెప్పు చెప్పు అని ప్రశ్నలు గుప్పిస్తే ఆట అక్కడికక్కడే పరీక్షగా మారిపోతుంది. మన ఇళ్లలో, అంగన్‌వాడీల్లో పిల్లలతో మాట్లాడే తీరు చాలావరకు ప్రశ్నలే. మానుకోవడానికి పెద్దలకే ఎక్కువ సాధన కావాలి.

విన్న మాటను తిరిగి అనడమూ అలాంటిదే. దాహమైన పిల్లవాడు నీళ్లు కావాలా అని తల్లి మాటనే తిప్పి అంటాడు. అర్థం లేకుండా చిలక పలుకులు పలుకుతున్నాడని దాన్ని ఆపించేవారు. బ్యారీ ప్రిజాంట్, జుడిత్ డుకాన్ 1981లో ఇలాంటి మాటల్ని పరిశీలించి, చాలావాటి వెనుక అడగడం, ఒప్పుకోవడం, వంతు అందుకోవడం ఉన్నాయని చూపారు. ఆ మాటకు నీళ్లిచ్చి, నీళ్లు కావాలి అని పిల్లవాడి తరఫున పలికితే సరిపోతుంది. మాట రాని పిల్లలకు బొమ్మల కార్డులు గానీ, ఫోన్‌లో బొమ్మల యాప్ గానీ ఇవ్వడానికి తల్లిదండ్రులు జంకుతారు, ఇక నోరు తెరవరేమోనని. ఇప్పటిదాకా జరిగిన అధ్యయనాల్లో అవి మాటకు అడ్డు వచ్చినట్టు తేలలేదు.

పాలమూరు పల్లెల ఆటల్లో ఈ పిల్లలతో ఆడటానికి పనికొచ్చేవి చాలా ఉన్నాయి. వామనగుంటల్లో రెండు వరుసల గుంటలు, చింతగింజలు, ఎప్పుడూ మారని క్రమం. నోరు మెదపకుండానే ఎదుటివారితో వంతులవారీగా ఆడొచ్చు. తొక్కుడుబిళ్లలో గళ్లలో గెంతడం ఒంటికి కావలసిన ఒత్తిడిని ఇస్తుంది. బతుకమ్మ వలయంలో అందరిదీ ఒకే అడుగు, ఒకే చప్పట్లు, పాట తిరిగి తిరిగి మొదటికే వస్తుంది; ఎవరి కళ్లలోకీ చూడనక్కర లేకుండానే పదిమందితో కలిసి ఉండగలిగే ఆట అది. దాని పక్కన డీజే పెడితే మాత్రం ఈ పిల్లలకు అక్కడ చోటుండదు. దాగుడుమూతలు కొందరికి కష్టం, ఎదుటివాడు ఎక్కడ వెతుకుతాడో ఊహించాలి కనుక. బిళ్లంగోడు అని కూడా పిలిచే చిర్రగోనెలో నియమాలు ఆటమధ్యలో మారిపోతుంటాయి, గొడవలూ అక్కడే. నియమాలను ముందే చెప్పి, నేలమీద గీసి చూపి, మార్చకుండా ఆడితే ఆ కష్టం చాలావరకు తగ్గుతుంది.

ఇలాంటి పని నిపుణులే చేయాలా? గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ జరిగిన ఒక ప్రయోగం దీనికి జవాబిచ్చింది. రెండు నుంచి తొమ్మిదేళ్ల లోపు 65 మంది పిల్లల కుటుంబాలు అందులో పాల్గొన్నాయి. ఫలితాలు 2016లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చాయి. వైద్యులూ చికిత్సకులూ కాని ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపారు. తల్లి బిడ్డతో ఆడుతుంటే కార్యకర్త వీడియో తీస్తుంది. తర్వాత ఇద్దరూ కలిసి చూస్తూ, తల్లి ఆగి ఎదురుచూసినప్పుడు బిడ్డ ఏం చేశాడో గమనిస్తారు. 12 విడతల తర్వాత తల్లిదండ్రులు బిడ్డ దారిలో స్పందించడం బాగా పెరిగింది, బిడ్డ తనంత తానుగా పలకరించడమూ పెరిగింది. ఇద్దరూ ఒకే వస్తువు మీద చూపు నిలిపే సమయం మాత్రం తగ్గింది. కాబట్టి దీన్ని అద్భుతమనలేం. నిపుణులు లేని చోట ఏం చేయవచ్చో చూపిన ప్రయోగం ఇది.

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అటువంటి చోట్లే. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా నుంచి ఈ మూడూ విడివడ్డాయి. 2011 లెక్కల ప్రకారం ఇప్పటి గద్వాల జిల్లా పరిధిలో అక్షరాస్యత దాదాపు 50 శాతమే. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లకు ప్రభుత్వ వైద్య కళాశాలలు 2022లో, గద్వాలకు 2024లో వచ్చాయి. వారానికి 40 గంటల థెరపీ ఇక్కడి కూలి ఇంటికి అందేది కాదు. సమస్య మాత్రం హైదరాబాద్‌కే పరిమితం కాదు. హైదరాబాద్‌తో పాటు పల్వల్, కాంగ్రా, ధెంకనాల్, ఉత్తర గోవాల్లో జరిగిన సర్వే ప్రకారం రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి ఏదో ఒక నాడీ ఎదుగుదల తేడా ఉంది. 2018లో వెలువడిన ఆ సర్వేలో ఆటిజంతో పాటు వినికిడి, చూపు, మూర్ఛ వంటివీ కలిసే ఉన్నాయి.

ఉన్న ఏర్పాట్లలో మొదటిది అంగన్‌వాడీ. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీల్లో పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు, బడుల్లో ఒకసారి పరీక్షించాలి. 2023 నవంబరులో కేంద్రం వికలాంగ పిల్లల కోసం అంగన్‌వాడీలకు ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. నిర్ధారణకు దేశమంతా వాడే కొలమానం పుట్టింది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే. ఇప్పుడు నీపిడ్ అని పిలిచే జాతీయ సంస్థ దాన్ని తయారుచేసింది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, మొత్తం 70కి చేరితే ఆటిజం. వైకల్య ధ్రువీకరణ క్యాంపులో ఇచ్చే శాతానికి ఆధారం అదే. పింఛనుకు ఆ శాతం అవసరమే. బిడ్డకు ఏ శబ్దం పడదో, ఏ ఆట ఇష్టమో ఆ కాగితం చెప్పదు.

రెండోది మండలాల్లో సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రం. ప్రత్యేక అవసరాల పిల్లలు అక్కడికి వస్తారు, ఐఈఆర్‌పీలనే ప్రత్యేక టీచర్లు బోధిస్తారు, ఫిజియోథెరపిస్టు విడతలవారీగా వచ్చి వెళ్తాడు, కదలలేని పిల్లల ఇళ్లకు టీచర్లే వెళ్తారు. ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన మంచి ఏర్పాటు ఇది. దీని బలహీనతా కనిపిస్తూనే ఉంది. శారీరక వైకల్యం, మానసిక వైకల్యం, వినికిడి లోపం, ఆటిజం అన్నీ ఒక గదిలో ఒకరిద్దరి చేతికి వస్తాయి. ఆ టీచర్లు కాంట్రాక్టు ఉద్యోగులు. రెగ్యులరైజేషన్ కోరుతూ 2024 డిసెంబరులో రాష్ట్రమంతటా సమగ్ర శిక్ష ఉద్యోగులు సమ్మెకు దిగారు. భవిత ఊరి బడికి వంతెనగా ఉండాలి. ఊరి బడి తప్పించుకోవడానికి సాకుగా మారకూడదు. భవితలో పేరుంది కదా, ఇక్కడెందుకు అనే మాట వినిపించిన చోట అది సాకుగా మారినట్టే.

ఊరి బడిలో మార్చవలసినవి చాలావరకు ఖర్చులేనివి. ప్రార్థన మైకు, గంట మోత, రేకుల షెడ్డు కింద వాన చప్పుడు, మధ్యాహ్న భోజనంలో స్టీలు పళ్లేల గలగల: చెవులు మూసుకుని పరుగెత్తే పిల్లవాడికి ఇవి నిజంగా నొప్పి. ప్రార్థనలో వెనక వరుసలో నిలబెట్టడం, గంటకు ముందు చెప్పడం, భోజనానికి ఐదు నిమిషాలు ముందు పంపడం, తరగతి మూలలో కాసేపు ఒంటరిగా కూర్చునే చోటు ఇవ్వడం ఏ హెడ్మాస్టరుకైనా సాధ్యమే. ఉత్తర కరొలైనాలో 1972 నుంచి ఎరిక్ షాప్లర్ అభివృద్ధి చేసిన పద్ధతి నుంచి ఒక పరికరం ప్రపంచమంతా వ్యాపించింది: ఆనాటి పనులను బొమ్మలుగా వరుసలో అతికించి, అయిపోయినదాన్ని తీసేసే పట్టిక. అట్టముక్క, సుద్దముక్క ఉంటే చాలు. ప్రాథమిక తరగతుల్లో పిల్లలందరికీ ఇది పనికొస్తుంది. తోటి పిల్లలకు సంగతి చెప్పడం మరవకూడదు. వాడు చూడకపోయినా వింటాడు, ముట్టుకునే ముందు అడగండి అన్న రెండు మాటలు పెద్ద ఉపన్యాసం కన్నా నయం.

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కులు రెండు. ఒకటి వలస. తల్లిదండ్రులు ముంబయి, పుణె, హైదరాబాద్‌లకు పనికి పోతే పిల్లవాడు అవ్వ దగ్గర ఉండిపోతాడు లేదా బడి మానేసి వెంట వెళ్తాడు. గద్వాలలో సీడ్‌పత్తి క్రాసింగ్ (పూలకు చేత్తో పరాగం అద్దే పని) రోజుల్లో ఇల్లంతా చేలోనే ఉంటుంది. నిన్నటి రోజు నేడూ ఉండాలని కోరుకునే బిడ్డకు ఈ మార్పులే పెద్ద దెబ్బ. వెళ్లే ముందే బొమ్మల్లో చూపి చెబితే కొంత తట్టుకుంటాడు. రెండోది భాష. రాయచూరు సరిహద్దు ఊళ్లలో కన్నడం, తండాల్లో లంబాడీ, పట్నాల్లో ఉర్దూ ఇంటి భాషలు. నల్లమలలో పెంటలనే గూడేల్లోని చెంచు పిల్లలు తమ మాటతీరుతోనే బడికి వస్తారు. బడిలో తెలుగు, పైగా ఇంగ్లిష్ మీడియం. మాట ఆలస్యమైందని తేల్చే ముందు ఆ బిడ్డ ఏ భాషలో విన్నాడో అడగాలి, ఆటా మాటా ఆ భాషలోనే మొదలుపెట్టాలి.

చట్టం ఈ విషయంలో వెనకబడి లేదు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం దాన్ని గుర్తించింది. ఆ ట్రస్టు నిరామయ బీమా కింద లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు ఇస్తుంది. 2016లో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమలైన వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో ఆటిజాన్ని చేర్చింది. వెనకబడింది నియామకాల్లో. ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆపై స్థాయిలో పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలన్న నిష్పత్తిని సుప్రీంకోర్టు 2021లో రజనీష్ కుమార్ పాండే కేసులో చెప్పింది, 2025లో పోస్టులు ప్రకటించమని రాష్ట్రాలను మళ్లీ ఆదేశించింది. ఆ పోస్టులు నిండకుండా నాడీ వైవిధ్యం గురించి ఎన్ని వర్క్‌షాపులు పెట్టినా భవిత గదిలో టీచరు మీద మరో బరువు పడటమే అవుతుంది.

తల్లిదండ్రులు తెలుసుకోవలసింది ఒకటుంది. ఆటిజం ఉందన్న కారణంతో ప్రభుత్వ బడి గానీ, గుర్తింపు పొందిన ప్రైవేటు బడి గానీ ప్రవేశం నిరాకరించడానికి వీల్లేదు. వైకల్య సర్టిఫికెట్ పింఛనుకు, రాయితీలకు కావాలి. బడిలో కూర్చోవడానికి అక్కర లేదు. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉంటే ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా దగ్గరి బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచిత చదువు హక్కు. కాదంటే ఆ మాటను కాగితం మీద రాసివ్వమని అడిగి, మండల విద్యాధికారికి ఫిర్యాదు ఇవ్వండి.